వెంట్రుక చెప్పిన సాక్ష్యం

పిల్లలూ, ఫ్రాన్సు చక్రవర్తి నెపోలియన్ పేరు మీరు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. యూరప్ ఖండాన్ని గడగడలాడించిన ఆ మనిషి చివరకు ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కాడు. వాళ్ళు ఆయనను అట్లాంటిక్ మహాసముద్రం మధ్య ఉన్న సెంట్ హెలీనా అనే చిన్న దీవిలో ఉంచారు. అక్కడే 1821 మే 5 వ తేదీన, 51 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయాడు. శవాన్ని కోసి చూసిన డాక్టర్లు కడుపులో పెద్ద పుండు ఉన్నదని రాశారు.

ఆ కాలంలో ఆ దేశాలలో ఒక అలవాటు ఉండేది. అయినవాళ్ళు పోతే వారి గుర్తుగా కాసిని వెంట్రుకలు కత్తిరించి, కాగితంలో మడిచి, భద్రంగా దాచుకునేవారు. నెపోలియన్ వెంట్రుకలు కూడా కొందరు అలాగే దాచుకున్నారు. అవి తండ్రి నుంచి కొడుక్కీ, కొడుకు నుంచి మనమడికీ వస్తూ పెట్టెల అడుగున పడి ఉన్నాయి.

సరిగా 140 ఏళ్ళ తరవాత, 1961 లో, ఆ వెంట్రుకలను సాక్ష్యానికి పిలిచారు!

అదెలా జరిగిందో చెబుతాను. స్వీడన్ దేశంలో స్టెన్ ఫోర్షుఫ్వుడ్ అనే పళ్ళ డాక్టరు ఉండేవాడు. ఆయనకు నెపోలియన్ కథలంటే మహా ఇష్టం. చక్రవర్తికి చివరిదాకా సేవ చేసిన మార్షాన్ అనే పరిచారకుడు తన జ్ఞాపకాలు రాసి పెట్టాడు. అవి 1950 దాటాక గాని అచ్చు కాలేదు. చక్రవర్తి జబ్బు ఏ రోజు ఎలా ఉన్నదీ అందులో వివరంగా ఉంది. అది చదువుతూంటే ఈ డాక్టరుకు అనుమానం తగిలింది. ఇవి పుండు లక్షణాలలా లేవు, ఎవరో కొంచెం కొంచెంగా విషం పెడుతూ వచ్చినట్టున్నది అనుకున్నాడాయన. ఆ విషం పేరు పాషాణం. అందులో ఉండే మూలకాన్ని ఆర్సెనిక్ అంటారు. పాషాణానికి చెప్పుకోదగ్గ రుచీ ఉండదు, వాసనా ఉండదు. అందుకే వెనక రాజుల కోటలలో దానికి అంత గిరాకీ!

అయితే ఈ విషానికి ఒక గుణం ఉన్నది. ఒంట్లోకి వెళ్ళినదానిలో కొంత వెంట్రుకలలో చేరి అక్కడే ఉండిపోతుంది. తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే వెంట్రుక ఒక డైరీ లాంటిది. కుదురు దగ్గర ఉన్నది మొన్నటి సంగతి, కొస దగ్గర ఉన్నది ఏడాది కిందటి సంగతి. డైరీ దొరికింది, బాగానే ఉంది. దాన్ని చదవటం ఎలా? నాలుగు వెంట్రుకలు చేత్తో పట్టుకుంటే బరువే తెలియదు. ఆ బరువును లక్ష భాగాలు చేస్తే అందులో ఏ ఒక్క భాగమో ఆర్సెనిక్ ఉండవచ్చు. మామూలు రసాయన పరీక్షలకు అంత తక్కువ సరుకు అందదు.

ఇక్కడే న్యూట్రాన్ కథలోకి వస్తుంది.

ప్రతి వస్తువూ పరమాణువులతో తయారైనదని మీకు తెలుసు. పరమాణువు నడిమధ్య కేంద్రకం ఉంటుంది. అందులో ప్రోటాన్లూ, న్యూట్రాన్లూ కిక్కిరిసి ఉంటాయి. చుట్టూ ఎలక్ట్రాన్లు ఉంటాయి. ప్రోటానుకు ధనవిద్యుత్తూ, ఎలక్ట్రానుకు ఋణవిద్యుత్తూ ఉన్నాయి. న్యూట్రానుకు ఏ విద్యుత్తూ లేదు. ఈ ఏమీ లేకపోవటమే దాని గొప్ప.

ఊళ్ళోకి కొత్త మనిషి వస్తే కుక్కలు ఏం చేస్తాయి? వీధి మొగలోనే మొరిగి తరుముతాయి. కేంద్రకం దగ్గరికి ప్రోటాన్ వెళ్ళబోతే అదే గతి పడుతుంది. కేంద్రకానికి ఉన్నదీ ధనవిద్యుత్తే, వచ్చేదానికీ ధనవిద్యుత్తే. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. బ్రహ్మాండమైన వేగంతో తోస్తే తప్ప ప్రోటాన్ లోపలికి పోలేదు. న్యూట్రాను రోజూ వచ్చే పాలవాడి లాంటిది. కుక్కలు తల కూడా ఎత్తవు. తిన్నగా నడిచి ఇంట్లోకి వెళుతుంది.

ఇది ఇంతకాలం ఎవరికీ కనిపించకపోవటానికి కారణం కూడా అదే. విద్యుత్తు లేనిదాన్ని పట్టుకోవటం కష్టం. 1932 లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జేమ్స్ చాడ్విక్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని కనిపెట్టాడు. పొలోనియం అనే మూలకం నుంచి ఆల్ఫా కణాలు వస్తూ ఉంటాయి. అవి బెరీలియం అనే లోహానికి తగిలితే దాని నుంచి ఏదో బయటికి వస్తున్నది. ఆ వచ్చేది కంటికి కనబడదు, విద్యుత్తుకు లొంగదు. చాడ్విక్ దాని దారిలో కొవ్వొత్తులు చేసే మైనం ముక్క పెట్టి చూశాడు. మైనంలో నుంచి ప్రోటాన్లు ఎగిరి బయట పడ్డాయి. అవి ఎంత జోరుగా పడుతున్నదీ లెక్క కట్టాడు. తగిలిన వస్తువు ప్రోటాన్ అంత బరువే ఉండాలని తేలింది. 1935 లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఒక చిక్కు చూడండి. బావిలో నీళ్ళలా న్యూట్రాన్లు ఎక్కడా ఊరికే నిలవ ఉండవు. కేంద్రకంలో నుంచి బయటపడిన న్యూట్రాను సగటున పావుగంట కూడా బతకదు. అదే మారిపోయి ప్రోటాన్ అవుతుంది. కనక ఎప్పటికప్పుడు కేంద్రకాలలో నుంచి రాల్చుకోవాలి, రాలినవి రాలినట్టే వాడుకోవాలి.

మొదట్లో శాస్త్రజ్ఞుల దగ్గర ఉన్న న్యూట్రాన్ పుట్టిల్లు చూస్తే మీకు నవ్వు వస్తుంది. వేలెడంత గాజు గొట్టం! 1934 లో రోము నగరంలో ఎన్రికో ఫెర్మీ అలాంటి గొట్టంలో బెరీలియం పొడి పోసి, రేడియం నుంచి వచ్చే రాడాన్ వాయువు నింపి, మూతి కరిగించి మూసేశాడు. దానితో మూలకాలను ఒక్కొక్కటే వరసపెట్టి కొట్టసాగాడు. అన్నిటికన్నా తేలిక అయినవాటితో మొదలుపెడితే ఫ్లోరిన్ దాకా ఏమీ జరగలేదు. ఫ్లోరిన్‌తో మొదలు, ఒకదాని తరవాత ఒకటి మూలకాలు కొత్తగా కిరణాలు వెలువరించసాగాయి.

అప్పుడే ఒక వింత జరిగింది. వెండిని చెక్క బల్ల మీద పెట్టి కొడితే వచ్చే ఫలితం ఒకటి. పాలరాతి బల్ల మీద పెట్టి కొడితే వచ్చే ఫలితం మరొకటి. అదే వెండి, అదే గొట్టం! ఫెర్మీ మధ్యలో మైనం దిమ్మ పెట్టి చూశాడు. ఫలితం ఎన్నో రెట్లు పెరిగింది. ఆయనా, ఆయన మిత్రులూ గొట్టాన్నీ వెండినీ పట్టుకుని పెరటి తోటలో చేపలు తిరిగే నీళ్ళ తొట్టి దగ్గరికి పరుగెత్తి, రెండిటినీ అందులో ముంచారు. నీళ్ళలోనూ అంతే!

దీని రహస్యం మీరు గోలీలాటలో రోజూ చూసేదే. గోలీని తీసి రుబ్బురోలుకు కొట్టండి. కొట్టినంత జోరుగానూ వెనక్కి వస్తుంది. అదే గోలీని మరో గోలీకి సూటిగా కొట్టండి. కొట్టిన గోలీ అక్కడే ఆగిపోతుంది, రెండోది పరుగెత్తుతుంది. సమానమైన బరువు గలది తగిలితేనే వేగం చేతులు మారుతుంది. హైడ్రోజను కేంద్రకమంటే ఒక్క ప్రోటానే. దాని బరువు ఇంచుమించు న్యూట్రాన్ బరువు. నీళ్ళలో, మైనంలో, చెక్కలో హైడ్రోజను బోలెడంత ఉన్నది. వాటిలో ఓ ఇరవై దెబ్బలు తినేసరికి న్యూట్రాను నీరసించి నెమ్మదిగా నడుస్తుంది. తిరునాళ్ళలో పరుగెత్తే కుర్రవాడు మిఠాయి దుకాణం దాటిపోతాడు. నింపాదిగా నడిచేవాడు అక్కడ ఆగుతాడు. నెమ్మది న్యూట్రాన్లు కూడా అలాగే కేంద్రకాల దగ్గర చిక్కుతాయి.

గాజు గొట్టం తరవాత వచ్చింది రియాక్టరు. యురేనియం కేంద్రకం ఒక న్యూట్రాన్ తగిలి చీలితే రెండో మూడో న్యూట్రాన్లు బయట పడతాయి. వాటిలో ఒకటి మరో కేంద్రకాన్ని చీలుస్తుంది. ఇలా గొలుసులా సాగే ఏర్పాటును 1942 డిసెంబరు 2 న షికాగో నగరంలో, ఒక ఆటస్థలం మెట్ల కింది గదిలో, ఆ ఫెర్మీయే మొదటిసారి నడిపించి చూపాడు. ఇలాంటివాటిలో ప్రతి సెకనూ, గోరంత చోటులో, లక్ష కోట్ల న్యూట్రాన్లు దొరుకుతాయి. (న్యూట్రాన్లు ఒంటికి మంచివి కావు. అందుకే రియాక్టర్ల చుట్టూ దట్టమైన కాంక్రీటు గోడలూ, లోతైన నీళ్ళూ ఉంటాయి. ఇది పెరట్లో చేసి చూసే ప్రయోగం కాదు!)

మన దేశంలో మొదటి రియాక్టరు 1956 ఆగస్టు 4 న బొంబాయి దగ్గర ట్రాంబేలో మొదలైంది. యురేనియాన్ని లోతైన కొలనులో ముంచి ఉంచారు. అది పనిచేసేటప్పుడు నీళ్ళలో నీలపు వెలుగు కనిపిస్తుంది. ఆ వెలుగు అందం చూసి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానికి అప్సర అని పేరు పెట్టారు. అది యాభై ఏళ్ళకు పైగా పనిచేసింది. 2018 లో ఆ పేరుతోనే కొత్తది మొదలైంది. అక్కడే 1985 లో ధ్రువ అనే పెద్ద రియాక్టరు వచ్చింది. పేర్లు పెట్టటంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు లెండి.

ఈ మధ్య మూడో పద్ధతి కూడా వచ్చింది. ప్రోటాన్లను బ్రహ్మాండమైన వేగానికి తెచ్చి, పాదరసం వంటి బరువైన లోహం మీద విసురుతారు. ఒక్క దెబ్బకు కేంద్రకం నుంచి 20 కి పైగా న్యూట్రాన్లు రాలుతాయి, చింతచెట్టును దులిపినట్టు. అమెరికాలో ఓక్ రిడ్జి వద్ద 2006 నుంచి ఇలాంటి యంత్రం సెకనుకు 60 మార్లు దులుపుతున్నది. మీట నొక్కితే చాలు, న్యూట్రాన్ల వాన ఆగిపోతుంది.

ఇక నెపోలియన్ దగ్గరికి వద్దాం.

మామూలు ఆర్సెనిక్ కేంద్రకంలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిసి 75 ఉంటాయి. దానిలోకి ఒక న్యూట్రాన్ నడిచి వెళితే 76 అవుతాయి. ఈ 76 కు నిలకడ ఉండదు. కిరణాలు విడిచి మరో మూలకంగా మారిపోతుంది. 26 గంటలలో సగం మారతాయి, మరో 26 గంటలలో మిగిలినదానిలో సగం. ఆ కిరణాలకు వాటిదే అయిన గుర్తు ఉంటుంది. గొంతు విని మనిషిని పోల్చినట్టు, వాటిని కొలిచి ఇది ఆర్సెనిక్ అని పోల్చుతారు. ఎన్ని కిరణాలు వచ్చాయో లెక్కపెడితే ఎంత ఆర్సెనిక్ ఉన్నదో తెలుస్తుంది. తక్కెడకు అందనిది కూడా ఈ లెక్కకు అందుతుంది. 1936 లో కోపెన్‌హాగెన్ నగరంలో హెవెసీ అనే శాస్త్రజ్ఞుడూ, హిల్డా లెవీ అనే ఆమే ఈ ఉపాయం కనిపెట్టారు. అప్పుడు వాళ్ళ దగ్గర ఉన్నది గాజు గొట్టం వంటి చిన్న పుట్టిల్లే. వెంట్రుక దాకా రావటానికి రియాక్టరు కావలసి వచ్చింది.

పళ్ళ డాక్టరు గారు నెపోలియన్ వెంట్రుకలు సంపాదించి స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో హామిల్టన్ స్మిత్ అనే ఆయనకు అందజేశారు. వాటిని రియాక్టరులో న్యూట్రాన్ల మధ్య ఉంచి తీసి పరీక్షించారు. 1961 లో ఆ ఫలితం “నేచర్” అనే సుప్రసిద్ధ పత్రికలో వచ్చింది. వెంట్రుకలలో ఆర్సెనిక్ మామూలుగా ఉండవలసినదానికన్నా ఎన్నో రెట్లు ఉన్నది!

ఇక చూడండి! పుస్తకాల మీద పుస్తకాలు వచ్చాయి. హంతకుడు ఎవరు? సెంట్ హెలీనాలో నెపోలియన్ వెంట ఉండి, ఆయనతో పాటు కష్టాలు పడ్డవాళ్ళలో ఒకరిని కొందరు వేలెత్తి చూపారు. ఆ మనిషి చనిపోయి వందేళ్ళు దాటింది. లేచి వచ్చి, నేను కానని చెప్పుకోలేడు గదా! సాక్ష్యం వెంట్రుకది. వెంట్రుక అబద్ధం ఆడదు.

ఈ వాదం ఇలా 47 ఏళ్ళు సాగింది. ఈలోపల న్యూట్రాన్లు వేరే చోట్ల వేరే పనులు చేస్తూ వచ్చాయి. వాటిలో రెండు చెప్పి మళ్ళీ కథకు వస్తాను.

ఎక్స్ కిరణాలు వస్తువులలోని ఎలక్ట్రాన్లను బట్టి చూస్తాయి. హైడ్రోజనుకు ఉన్నది ఒకే ఒక్క ఎలక్ట్రాన్, కనక అది వాటికి సరిగా ఆనదు. న్యూట్రాన్‌కు ఎలక్ట్రాన్ల గొడవ లేదు. అది కేంద్రకాన్నే చూస్తుంది. స్ఫటికంలో, మంచుగడ్డలో హైడ్రోజను ఏ మూల ఉన్నదీ చెబుతుంది. అమెరికాలో షల్, కెనడాలో బ్రాక్‌హౌస్ అనే ఇద్దరు న్యూట్రాన్లతో వస్తువుల లోపలి అమరికనూ, లోపల పరమాణువుల కదలికలనూ చదివే విద్య నేర్పారు. వారి పని చాలామటుకు 1940, 50 ల నాటిది. నోబెల్ బహుమతి మాత్రం 1994 లో వచ్చింది! అంతకాలం ఓపిక పట్టి బతికి ఉండటం కూడా ఒక విద్యే.

రెండోది మన ఇంటి దగ్గరి సంగతి. కొబ్బరికాయ కొనేటప్పుడు పెద్దవాళ్ళు దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపుతారు, లోపల నీళ్ళున్నాయా అని. ఉక్కు గొట్టంలో మందుగుండు కూరి బిగిస్తే లోపల సరిగా ఉన్నదో లేదో ఎలా తెలుస్తుంది? ఊపితే తెలియదు, విప్పితే పాడవుతుంది. ఎక్స్ కిరణాలు ఉక్కు దగ్గర తడబడతాయి. న్యూట్రాన్ల పద్ధతి తలకిందులు. ఉక్కునూ సీసాన్నీ సులువుగా దాటి పోతాయి. హైడ్రోజను ఉన్న మందుగుండు దగ్గర ఆగిపోతాయి. ఆగినచోట ఫోటోలో నీడ పడుతుంది.

మద్రాసు దగ్గర కల్పాక్కంలో 1996 నుంచి కామిని అనే చిట్టి రియాక్టరు ఈ పని చేస్తున్నది. దానిలో వాడే యురేనియం థోరియం నుంచి తయారుచేసినది. థోరియం ఉన్న ఇసుక మన ఆంధ్ర తీరంలోనూ ఉన్నది. శ్రీహరికోట నుంచి పైకి వెళ్ళే రాకెట్టుకు అంతస్తులు ఉంటాయి. ఒక అంతస్తు కాలిపోగానే చిన్న మందుగుండు పేలి దాన్ని విడగొట్టాలి. అది పేలకపోతే అన్ని కోట్ల రూపాయల రాకెట్టూ సముద్రంలో పడుతుంది. ఆ మందుగుండు గొట్టాలను కామిని ముందు పెట్టి న్యూట్రాన్లతో ఫోటోలు తీశారు. లోపల ఒకచోట మందు ఖాళీగా ఉంటే నీడలో తెల్లగా చిల్లు కనిపిస్తుంది.

ఇక అసలు కథ.

1961 లెక్కలో తప్పు లేదు. నెపోలియన్ వెంట్రుకలలో ఆర్సెనిక్ నిజంగానే ఎక్కువ ఉన్నది. కాని ఎవరికన్నా ఎక్కువ? ఈ కాలపు మనుషులకన్నా. మరి ఆ కాలపు మనుషుల వెంట్రుకలలో ఎంత ఉండేది? ఆ రోజులలో గోడలకు అంటించే కాగితాల ఆకుపచ్చ రంగులో ఆర్సెనిక్ ఉండేది. డాక్టర్లు ఇచ్చే మందులలో ఉండేది. విషం అని తెలియకుండానే జనం దానితో కాపురం చేసేవారు.

ఇటలీ శాస్త్రజ్ఞులకు ఈ ప్రశ్న తోచింది. వాళ్ళు నెపోలియన్ వెంట్రుకలతో ఆగలేదు. ఆయన భార్య జోసెఫీన్ 1814 లో చనిపోయినప్పుడు తీసిన వెంట్రుకలు సంపాదించారు. ఆయన కొడుకు వెంట్రుకలు సంపాదించారు. వాటిలో కొన్ని 1812 నాటివి, అంటే ఆ పిల్లవాడు ఏడాదివాడుగా ఉన్నప్పటివి. ఈ కాలపు మనుషుల వెంట్రుకలు కూడా పక్కన పెట్టుకున్నారు. అన్నిటినీ పావియా నగరంలోని చిన్న రియాక్టరులో న్యూట్రాన్ల ముందు ఉంచారు. ఈసారి వెంట్రుకలు చెడకుండానే కొలిచారు.

2008 లో ఫలితం చెప్పారు. నెపోలియన్ వెంట్రుకలలో ఆర్సెనిక్ నేటి మనుషులకన్నా ఇంచుమించు 100 రెట్లు ఉన్నది. జోసెఫీన్ వెంట్రుకలలోనూ అలాగే ఉన్నది. కొడుకు వెంట్రుకలలోనూ అలాగే ఉన్నది. వీళ్ళెవరూ సెంట్ హెలీనా ముఖం చూసినవాళ్ళు కారు. విషం పెట్టి చంపారని గట్టిగా అనేవాళ్ళు ఇంకా కొందరున్నారు గాని, పాపం, ఆ నింద మోసిన మనిషికి మాత్రం అన్నేళ్ళకు కాస్త ఊరట దొరికింది.

ఇటలీవాళ్ళు పరీక్షించినవాటిలో మరికొన్ని వెంట్రుకలు కూడా ఉన్నాయి. అవి నెపోలియన్‌వే. అయితే దీవిలో కత్తిరించినవి కావు, ఆయన చిన్నపిల్లవాడుగా కోర్సికాలో ఉన్నప్పటివి. వాటిలోనూ అంతే ఆర్సెనిక్ ఉన్నది. కోర్సికా వీధులలో ఆడుకునే ఆ కుర్రవాడికి అప్పటికి సింహాసనమూ లేదు, విషం పెట్టదగ్గ శత్రువూ లేడు.